వెల్డింగు విద్య: ఐ.టి.ఐ. ప్రవేశమునకు సిద్ధపడు విధము

వేసవి సెలవులలో మన విద్యార్థుల తలిదండ్రులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యవారూ, మావాడు పైచదువులు చదువజాలడు. వెల్డింగు పనియైనను నేర్పింపవలెననుకొనుచున్నాము. ఎక్కడ చేర్పింపవలెను? ఏయే కాగితములు కావలెను?" ఈ ప్రశ్నకు మేము పలుమారులు నోటిమాటగా బదులు చెప్పియుంటిమి. నోటిమాట గాలికి పోవును. అచ్చుమాట యింట నిలుచును. కావున ఈ సంచికయందు ఆ విషయమును వివరముగా వ్రాయబూనితిమి.

మొట్టమొదట ఆ ప్రశ్నలోని "ఐనను" అను మాటను తీసివేయవలెనని కోరుచున్నాము. వెల్డింగు చదువురాని వాని పని కాదు. అది కన్ను, చేయి, బుద్ధి మూడును ఒక్కమాఱే పనిచేయవలసిన విద్య. మన కొండాపురము ప్రాంతమున కిది మఱియు ముఖ్యము. గండికోట జలాశయము నిండుటకై మన మండలమున తాళ్లప్రొద్దుటూరు మొదలగు గ్రామములు నీటిపాలైన సంగతి మీరెఱుగుదురు. 2020 సంవత్సరమున ఆ యూరివారు ఇండ్లు విడిచి పునరావాస కాలనీలకు తరలిరి. తాతనాటి చేను పోయిన యింటి బిడ్డకు పరిహారపు సొమ్ము కొన్నాళ్లు వచ్చును. అటుపిమ్మట చేతిలోని విద్యయే చేను కావలెను. నేల మునుగును గాని చేతిపని మునుగదు.

వెల్డింగనగా నేమి? రెండు లోహఖండముల అంచులను కరగించి, అవి చల్లారునప్పటికి ఒక్కటే లోహమగునట్లు అతుకుట. బోల్టు వేసిన కూర్పును విప్పవచ్చును. వెల్డింగుతో నతికిన రెండు ముక్కలు ఇక రెండు కావు. ఈ భావము మన దేశమునకు క్రొత్తది కాదు. ఇనుమును కొలిమిలో తెల్లనగువఱకు కాచి, సమ్మెటతో మోది యొకటి చేయుట మన కమ్మరు లెఱిగిన పనియే. ఢిల్లీలో మెహరౌలియొద్ద సుమారు 1600 సంవత్సరములనుండి నిలిచియున్న ఆఱు టన్నులకు మించిన ఇనుపస్తంభము ఆ రీతిగా ముద్దలను మోది యతికినదే. విద్యుత్తుతో లోహము నతుకు పద్ధతిని 1881 ప్రాంతమున రష్యాదేశపు నికొలాయ్ బెనార్డోస్ కనిపెట్టెను. ఇరువదవ శతాబ్దారంభమున స్వీడను దేశీయుడగు ఆస్కార్ కెల్‌బెర్గ్ ఇనుప కడ్డీకి పూతపూసిన రాడ్డును తయారుచేసెను. నేడు మన రోడ్డుప్రక్క గేట్ల దుకాణములలో చూచు రాడ్డు దాని సంతతియే.

ఆ రాడ్డు పనిచేయు తీరు చూడుడు. మిషనునుండి వచ్చు రెండు తీగెలలో నొకటి అతుకవలసిన ఇనుమునకును, రెండవది రాడ్డును పట్టు హోల్డరునకును తగిలింపబడును. రాడ్డుకొన ఇనుమును తాకి కొంచెమెడమైనంతనే నడుమ విద్యుజ్జ్వాల పుట్టును. దీనినే ఆర్క్ అందురు. ఉక్కు సుమారు 1500 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కరగును. ఆర్క్ వేడి అంతకు అనేక రెట్లు. రాడ్డు కరగి అంచుల నడుమ నిండును. దానిపై పూత మండి వాయువై, కరగిన లోహమును గాలి సోకకుండ కాపాడును. తరువాత చిట్టెముగా మారి అతుకుపై మూతవలె నిలుచును. చల్లారిన పిమ్మట చిట్టెమును సుత్తితో కొట్టి, తీగెల బ్రష్షుతో తోమవలెను. అప్పుడు లోపలి పూస చేపపొలుసులవలె వరుసగా కనబడినచో పనివాని చేయి కుదిరినదని తెలియును.

ఇందు మఱువరాని సంగతి యొకటి. అతుకు బాగుగా వచ్చుట జ్వాల పుట్టకమునుపే నిశ్చయమగును. ఇనుముపై త్రుప్పు, నూనె, రంగు మిగిలిన యెడల పూసలో గాలిబుడగలు నిలుచును. మందపు పలకల అంచులను ఏటవాలుగా కోయక, నడుమ తగిన సందు విడువకయున్నచో పైన నిండినట్లు కనబడి అడుగున ఖాళీ మిగులును. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండు రేవునందు స్కెనెక్టడీ అను క్రొత్త ఓడ, తుఫాను లేదు, యుద్ధము లేదు, నిలుకడగా నున్న నీటిలోనే రెండుగా బద్దలయ్యెను. అతుకులలోని లోపములును, చలికి పెళుసుబారిన ఉక్కును అందులకు కారణములని విచారించినవారు తేల్చిరి. పైకి చక్కగా నున్న అతుకు లోపల చెడియుండవచ్చును.

మన పరిసరములలో ఈ విద్యతో పని యెంత గలదో చూడుడు. ముద్దనూరునకు సమీపమున కలమళ్లయొద్ద రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. బొగ్గుమంటకు నీరు ఆవిరియగునది ఉక్కుగొట్టముల లోపల. ఆ గొట్టములన్నియు వెల్డింగుతో కూర్చబడినవి. ఒక్క గొట్టమునకు సూదిమొన యంత రంధ్రము పడి ఆవిరి చిమ్మినను, యూనిట్ నాపి అతుకవలసి వచ్చును. ఎఱ్ఱగుంట్ల, చిలమకూరుల సిమెంటు కర్మాగారములు, గండికోటనుండి చిత్రావతి జలాశయమునకు నీటిని పైకెత్తు పథకపు ఉక్కుగొట్టములు, జలాశయపు గేట్లు, రైలుపెట్టెలు, ట్రాక్టరు ట్రాలీలు ఇవి యన్నియు వెల్డరు చేతిమీదుగా పోవునవే. మన యూళ్లను ముంచిన నీరే పులివెందుల దిక్కునకు పోవుటకు వెల్డరు అతికిన గొట్టము కావలసి వచ్చినది.

ఇక ప్రవేశ విషయము. ఈ విద్యను క్రమముగా నేర్పు స్థానము పారిశ్రామిక శిక్షణ సంస్థ, అనగా ఐ.టి.ఐ. భారతప్రభుత్వము 1950 లో ఆరంభించిన వృత్తిశిక్షణ పథకము క్రింద ఇవి నడచుచున్నవి. అందు వెల్డరు కోర్సు ఒక సంవత్సరము. ఎనిమిదవ తరగతి ప్యాసైనవారు, 14 సంవత్సరములు నిండినవారు అర్హులు. బాలికలకును ద్వారము తెరచియే యున్నది. కడపలో ప్రభుత్వ ఐ.టి.ఐ. కలదు, జిల్లాలోని తక్కిన ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల జాబితాయు, ఏ సంస్థలో ఏ ట్రేడు కలదో ఆ వివరమును రాష్ట్ర ఉపాధి శిక్షణ శాఖవారి వెబ్‌సైటులో చూడవచ్చును.

ఎనిమిదవ తరగతి చాలునని విని పదవ తరగతి మానుకొనవలదు. సీట్లు మార్కుల వరుసనుబట్టి యిచ్చెదరు. రైల్వే అప్రెంటిసు ఎంపికలో పదవ తరగతి మార్కులును, ఐ.టి.ఐ. మార్కులును కలిపి చూచెదరు. కువైటు మొదలగు దేశములకు పోగోరువారికి మఱియొక సంగతి: పదవ తరగతి ప్యాసుకాని వారి పాసుపోర్టు సాధారణముగా వలస అనుమతి అవసరమైన తరగతికి చెందును, వారు ఆ దేశములకు ఉద్యోగమునకై పోవుటకు ముందు ప్రభుత్వపు అనుమతి పొందవలెను. మన జిల్లానుండి కువైటునకు పోవువారెందఱో మీరెఱుగుదురు గనుక ఈ మాట నొక్కి చెప్పుచున్నాము.

దరఖాస్తు పద్ధతి యిది. పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట శాఖవారు ప్రకటన చేయుదురు. విద్యార్థి కడపటి తేదీకి లోపల ఆన్‌లైనులో దరఖాస్తు నింపవలెను. పిమ్మట ప్రభుత్వ ఐ.టి.ఐ.కి అసలు పత్రములతో స్వయముగా పోయి పరిశీలన చేయించుకొనవలెను. మార్కులనుబట్టి వరుస జాబితా తయారగును. పిలిచిన దినమున కౌన్సెలింగునకు పోయి సంస్థను, ట్రేడును కోరుకొనవలెను. మొదటి విడతలో సీటు రానివారు నిరాశపడక మిగిలిన సీట్లకై వచ్చు తరువాతి విడతల ప్రకటన కనిపెట్టవలెను. దరఖాస్తులో నిచ్చు ఫోను నంబరు ఇంటిలో నిలుకడగా నుండునదై యుండవలెను. ఇంటర్నెట్ సెంటరువాని నంబరు వ్రాయించి, కౌన్సెలింగు సందేశము తమకు చేరక సీటు పోగొట్టుకొనుట తగదు.

సిద్ధపఱచుకొనవలసిన పత్రములు: పదవ తరగతి మార్కుల మెమో, బదిలీపత్రము, నాలుగవ తరగతినుండి చదివిన స్టడీ సర్టిఫికెట్లు, ఆధారు కార్డు, రిజర్వేషను కోరువారు కులధ్రువపత్రము, రాయితీ కోరువారు ఆదాయ ధ్రువపత్రము, బ్యాంకు పాసుపుస్తకము, ఫొటోలు. కుల, ఆదాయ పత్రములకు సచివాలయమునందుగాని మీసేవా కేంద్రమునందుగాని ముందే అర్జీ యిచ్చుకొనవలెను. ప్రకటన వచ్చిన పిదప పరుగెత్తినచో చేతికందునో లేదో. వీనిలో అన్నిటికంటె ముఖ్యము పేరు. మెమోలో నొకరీతి, ఆధారులో నొకరీతి, బ్యాంకు పుస్తకమున వేరొకరీతి ఉండరాదు. ఇంటిపేరు, తండ్రిపేరు, పుట్టినతేదీ ఒక్క అక్షరము తేడాలేక సరిపోవలెను.

ఈ మాట వ్రాయునపుడు మా చేయి తడబడుచున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో మునకగ్రామపు బాలుడొక డుండెను. పదవ తరగతి పరీక్షకు పేర్ల జాబితా పంపునపుడు వాని ఆధారులోని ఇంటిపేరు మా రిజిస్టరుతో సరిపోవుట లేదని చూచితిమి. తరువాత సరిచేయవచ్చునని యుపేక్షించితిమి. ఆ తరువాత ఎన్నడును రాలేదు. బాలుడు ప్యాసయ్యెను, ఐ.టి.ఐ.కి దరఖాస్తు పెట్టెను. పరిశీలన దినమున పేరు సరిపోక వెనుకకు వచ్చెను. సరిచేయించునప్పటికి ప్రవేశములు ముగిసెను. తప్పు వానిది కాదు, వాని తండ్రిది కాదు; మాది.

ఊరకుండనేల యని వాడు రోడ్డుప్రక్క గేట్లు చేయు చోట సహాయకుడుగా చేరెను. ఇనుపచువ్వను పట్టుకొని నిలుచుటయే వాని పని. షీల్డు పనివానికి మాత్రమే యుండెను. మూడవనాటి రాత్రి వాని తండ్రి మా తలుపు తట్టెను. బాలుడు కన్నులు తెఱువలేక, ఇసుక పోసినట్లున్నదని యేడ్చుచుండెను. ఇంటివారు చనుబాలు పోసి, బంగాళాదుంప ముక్కలు కట్టియుండిరి. మేము వానిని ఆసుపత్రికి తీసికొనిపోతిమి. దైవానుగ్రహమున రెండుదినములకు కన్నులు తేరుకొనెను. ఆ రెండుదినములును మేము నిద్రపోలేదు.

ఆ జబ్బు విషయము అందఱు తెలిసికొనవలెను. ఆర్క్ నుండి కంటికి కనబడు వెలుగే గాక అతినీలలోహిత కిరణములును వెలువడును. అవి కంటి పైపొరను ఎండ చర్మమును కాల్చునట్లు కాల్చును. బాధ వెంటనే తెలియదు. కొన్ని గంటలు గడచిన పిమ్మట, తఱచుగా రాత్రివేళ మొదలగును. ఇంటిమందు పోయక వైద్యునియొద్దకు పోవలెను. ఆర్క్ వెల్డింగునకు షీల్డులో సామాన్యముగా 10 లేక 11 నంబరు నల్లటి అద్దము ఉండవలెను. ఎండకు పెట్టుకొను నల్లకండ్లద్దములు దీనికి పనికిరావు. పనివాడే గాక ప్రక్కన నిలుచువాడును కన్ను కాపాడుకొనవలెను. నూలుబట్టలు, తోలు చేతితొడుగులు, మూసిన బూట్లు ధరింపవలెను. నైలాను బట్ట నిప్పురవ్వకు కరగి చర్మమున కంటుకొనును. తడిచేతులతో హోల్డరు ముట్టరాదు. జింకుపూత గల రేకులను అతుకునపుడు లేచు పొగ జ్వరము తెచ్చును గనుక గాలి యాడు చోట పనిచేయవలెను. గ్యాసు సిలిండర్లలో నల్లనిది ఆక్సిజను, ముదురెఱుపుది ఎసిటిలీను. ఆక్సిజను సిలిండరు మూతికి నూనెగాని గ్రీసుగాని యెన్నడును తగులరాదు. ఎసిటిలీను సిలిండరును ఎల్లప్పుడు నిలువుగానే యుంచవలెను.

ప్రవేశమునకు ముందు వేసవిలో విద్యార్థి యింటనే చేయదగిన సాధన కొంత కలదు. దానికి కరెంటు అక్కఱలేదు. వెల్డింగు రాడ్డు పొడవు సామాన్యముగా 350 లేక 450 మిల్లీమీటర్లు. అంత పొడవు పుల్లకొనకు పెన్సిలు కట్టి, నేలపై పఱచిన కాగితముమీద గీచిన గీతకు 3 మిల్లీమీటర్ల యెత్తున, ఆ గీత వెంట ఒకేవేగముతో, కాగితమును తాకకుండ నడిపింపుడు. పుల్లను నిలువుగా గాక సాగు దిశకు కొంచెము వాల్చి, కాగితముతో సుమారు 70 డిగ్రీల కోణమున పట్టుడు. మొదటిదినమున చేయి వణకును. పదునైదు దినములకు నిలుచును. నిజమైన రాడ్డు కరగికరగి పొట్టియగుచుండును గనుక చేయి ముందునకు సాగుటతోబాటు క్రిందికిని దిగవలెనని జ్ఞాపకముంచుకొనుడు.

చేతితోబాటు లెక్కయు కావలెను. భిన్నములు, దశాంశములు, కోణములు, మిల్లీమీటర్లు మఱల చదువుడు. రెండు అంచులను చెఱియొక 30 డిగ్రీలు కోసినచో నడుమ 60 డిగ్రీల గాడి యేర్పడును. ఇది మీ తొమ్మిదవ తరగతి రేఖాగణితమే. 3.15 మిల్లీమీటర్ల సాధారణ రాడ్డునకు సుమారు 90 నుండి 130 ఆంపియర్ల కరెంటు పెట్టుదురు. ఎక్కువైన పలక తూటుపడును, తక్కువైన రాడ్డు అంటుకొనిపోవును. భౌతికశాస్త్రమున విద్యుత్తు పాఠము చదివినవాడు కారణ మెఱిగి దిద్దుకొనును. చదువనివాడు మిషనును తిట్టును. పని నేర్పువారి మాటలలోను, పటములలోను ఆంగ్లపదము లెక్కువ గనుక పనిముట్ల పేళ్లను ఆంగ్లాక్షరములతో వ్రాసి చదువుటకు అలవాటు పడుడు.

ప్రైవేటు సంస్థలో చేరువారు ముందుగా రెండు పరీక్షలు చేయవలెను. మొదటిది, ఆ సంస్థలోని వెల్డరు ట్రేడునకు కేంద్రప్రభుత్వ శిక్షణ మహానిర్దేశాలయపు గుర్తింపు కలదో లేదో చూచుట. సంస్థ పేరు గొప్పదైనను ట్రేడునకు గుర్తింపు లేనిచో జాతీయ సర్టిఫికెట్టు రాదు. రెండవది, వర్క్‌షాపులోనికి పోయి మిషన్లు నడచుచున్నవా, రాడ్లును ఇనుపముక్కలును పిల్లల చేతికి వచ్చుచున్నవా యని కన్నులార చూచుట. హాజరు లేకున్నను సర్టిఫికెట్టు ఇప్పింతుమను మాట వినబడిన చోట నిలువక వెనుకకు రండు. కాగితము చూపి పనిలో చేరవచ్చును. కాని మొదటిదినముననే ఇనుపపలక నిచ్చి అతుకుమన్నప్పుడు కాగితము అతుకదు.

సంవత్సరపు శిక్షణలో 1200 గంటలు కలవు. అందు 840 గంటలు చేతిపని, 240 గంటలు సిద్ధాంతము, 120 గంటలు ఉద్యోగమునకు వలసిన నడవడి, భాష, కంప్యూటరు మొదలగునవి. ఇవిగాక పరిశ్రమలోనో ప్రాజెక్టు రూపముననో 150 గంటలు పనిచేయవలెను. గ్యాసు వెల్డింగు, ఆర్క్ వెల్డింగు, గ్యాసుతో కోయుట, కార్బన్ డయాక్సైడు వాయువు రక్షణలో తీగెతో అతుకు పద్ధతి, ఆర్గాను వాయువు రక్షణలో సన్నని పలకల నతుకు టిగ్ పద్ధతి నేర్పుదురు. మొదట బల్లపై పఱచిన పలక, తరువాత అడ్డముగా, నిలువుగా, తుదకు తలపైన అతుకుట. అఖిలభారత ట్రేడు పరీక్షలో చేతిపనికి నూటికి 60 మార్కులు రావలెను. ఉత్తీర్ణులకు జాతీయ ట్రేడు సర్టిఫికెట్టు లభించును.

అంతటితో ఆగరాదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద పరిశ్రమలో స్టైపెండుతో అప్రెంటిసుగా చేరి, పిదప జాతీయ అప్రెంటిసు సర్టిఫికెట్టు పొందవచ్చును. 45 డిగ్రీలు వాలియుండి కదలని గొట్టము చుట్టును అతుకు 6జి పరీక్షలో నెగ్గినవానికి బాయిలరు పనులలోను, గొట్టముల పనులలోను ఆదరణ మెక్కువ. తమిళనాడులో తిరుచిరాపల్లియందు 1975 లో స్థాపితమైన వెల్డింగు పరిశోధన సంస్థలో పైశిక్షణ యిత్తురు. విదేశమునకు పోగోరువారు ప్రభుత్వము నమోదుచేసిన ఏజెంటు ద్వారానే పోవలెను. ఒప్పందపత్రములో వెల్డరని వ్రాసినదో, సహాయకుడని వ్రాసినదో చదివి సంతకము చేయవలెను. జీతములో వచ్చు తేడా ఆ యొక్క మాటలోనే యున్నది.

మఱి ఆ బాలుని సంగతి చెప్పవలెను గదా. మరుసటి సంవత్సరము పేరు సరిచేయించుకొని ఐ.టి.ఐ.లో చేరెను. ఇప్పుడు అప్రెంటిసుగా నున్నాడు. మొన్న సెలవునకు వచ్చి మమ్ము చూడవచ్చెను. కుశలప్రశ్నలైన పిమ్మట, "అయ్యవారూ, ఈ సంవత్సరపు పదవ తరగతి పేర్లు ఒకమాఱు చూడవచ్చునా?" అని యడిగెను. మేము రిజిస్టరు తెచ్చియిచ్చితిమి. వాడు మా యెదుట కూర్చుండి, ఒక్కొక్క పేరును విద్యార్థి ఆధారు నకలుతో సరిపోల్చెను. నాలుగు పేళ్లలో తేడా దొరికెను. ఆ నాలుగిండ్లకును మఱునాడే కబురు పంపితిమి.

విద్యార్థులారా, ఈ సంచిక చేతికందిన దినముననే మీ మెమోను, ఆధారును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు. అంచులు శుభ్రపఱచినవాని అతుకే నిలుచును.